కందుల గోదాంలో సుగంధ తైలాలు: ఎంతవరకు నమ్మాలి?

2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికోసం దరఖాస్తు పెట్టింది యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. వ్యవసాయ విశ్వవిద్యాలయం, తాండూరు పరిశోధనా స్థానం వెనక నిలబడ్డాయి. సున్నపురాయి పరిచిన నేల మీది నల్లరేగడి, అందులోని అట్టపుల్గైట్ అనే బంకమన్ను ఈ కందికి ప్రత్యేకత తెచ్చాయని చెబుతారు. పప్పు తొందరగా ఉడుకుతుందనీ, రుచి వేరనీ హైదరాబాదు కొనుగోలుదారుకు తెలుసు. అంత పేరున్న కంది బస్తా విప్పగానే పిండి రాలి, బొక్కలు పడ్డ గింజ కనిపిస్తే ఆ పేరుకు విలువేముంది? పొలంలో రైతు చేసిన కష్టాన్ని ఆ తర్వాతి ఆరు నెలలు గోదాంలో నిలబెట్టాల్సిన ఉద్యోగం మీది.

యాలాల్, బషీరాబాద్, పెద్దేముల్, తాండూరు మండలాల్లో రైతు కంపెనీ గోదాం చూసుకోడానికి కొత్తగా చేరినవాళ్లను, పప్పు మిల్లులో సరుకు దింపించే సూపర్‌వైజర్లను, సంఘం తరఫున విత్తనం దాచిపెట్టే అక్కచెల్లెళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఈ మధ్య వీళ్లందరికీ ఒకే ప్రశ్న ఎదురవుతోంది. మందు గోళీలు ప్రమాదమని అందరూ అంటున్నారు కాబట్టి నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం, లవంగ తైలం లాంటివి వేసి పురుగును ఆపొచ్చా? ఆపొచ్చు. పురుగు ఇంకా పట్టని ఎండు గింజను, మూత బిగిసే డబ్బాలో, కొద్ది మొత్తంలో పెట్టినప్పుడు ఆపొచ్చు. పురుగు పట్టేసిన గోనె బస్తాల వరసకు ఆ తైలం ఎంత పోసినా డబ్బు దండగ. ఈ తేడా ఎందుకో తెలిస్తే సగం పని వచ్చినట్టే.

ముందు పురుగును చూడండి. దోసెడు కందులు తెల్ల కాగితం మీద పోసి, పొద్దుటి వెలుతురులో ఒక్కో గింజనూ తిప్పుతూ చూడండి. తొక్క మీద సూదిమొనంత తెల్లటి చుక్క అతుక్కుని ఉంటే అది గుడ్డు. తుడిస్తే పోదు, గోరుతో గీకితే ఊడుతుంది. ఆ గుడ్డు పగిలితే పిల్ల పురుగు బయటికి రాదు, గుడ్డు కింది నుంచే తొక్కకు బెజ్జం చేసి లోపలికి దిగుతుంది. పప్పు తింటూ అక్కడే పెరుగుతుంది. కొన్నాళ్లకు తొక్క మీద లోపలి నుంచి గుండ్రంగా మసక మచ్చ కనిపిస్తుంది. పురుగు బయటికి రావడానికి చేసుకున్న వాకిలి అది, పలచటి పొర మాత్రమే మిగిలి ఉంటుంది. ఇంకో రెండు మూడు రోజుల్లో ఆ పొర ఊడి, బిళ్ల తీసేసినట్టు గుండ్రటి బొక్క పడుతుంది. గోధుమ రంగు చిన్న పెంకు పురుగు పైకొస్తుంది. మన ఎండాకాలపు వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా నాలుగు వారాలు చాలు. పెద్ద పురుగు గింజ తినదు. పది రోజులకు అటూ ఇటూగా బతికి, ఆ లోపలే ఒక్కో ఆడపురుగు ఎనభై, తొంభై గుడ్లు పెట్టి చస్తుంది. బియ్యంలో కనిపించే ముక్కు పురుగుతో దీన్ని కలపకండి, దాని తీరు వేరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ పురుగు చాలాసార్లు గోదాంలో కాదు, చేలోనే మొదలవుతుంది. కాయ ఎండే వేళ కాయ మీదా, పగిలిన కాయలో గింజ మీదా గుడ్లు పెడుతుంది. జనవరిలో కల్లం నుంచి మీ గోదాంకు వచ్చిన బస్తాలో ఒకటి రెండు గింజల్లో ఉన్నా, ఏప్రిల్, మే నాటికి రెండు మూడు తరాలు గడిచిపోతాయి. వానలు పడి గాలిలో తేమ పెరిగే జూన్, జూలై నాటికి బస్తా మొత్తం పిండి రాలుస్తుంది. అందుకే కాపలా సంక్రాంతి నాడే మొదలుపెట్టాలి.

ఇక నూనెల సంగతి. జనం నూనె అని పిలిచేవి రెండు రకాలు. వేపనూనె, ఆముదం, వేరుశనగ నూనె, కానుగ నూనె గింజను గానుగలో ఆడితే వచ్చే జిడ్డు నూనెలు. ఇవి ఆవిరి కావు, గింజ మీద పొరలా పట్టుకుంటాయి. నిమ్మగడ్డి, నీలగిరి, పుదీనా, లవంగం, తులసి తైలాలు ఆకును, మొగ్గను ఆవిరి పట్టి తీసేవి. ఇవి గాలిలో కలిసిపోతాయి. వీటినే సుగంధ తైలాలు అంటాం. రెండూ పురుగును ఆపుతాయి కానీ ఆపే దారి వేరు, అందుకే వాడే తీరూ వేరు. జిడ్డు నూనె పట్టించిన గింజ మీద గుడ్డు సరిగ్గా అతుక్కోదు, అతుక్కున్నా లోపలి పిల్లకు ఊపిరాడదు. మన అమ్మమ్మలు కందిపప్పుకు ఆముదం పట్టించి ఎండబెట్టి దాచడంలో ఉన్న కిటుకు ఇదే. సుగంధ తైలం ఆవిరిగా మారి, పురుగు ఒంటి పక్కన ఉండే సన్నటి రంధ్రాల గుండా లోపలికి పోయి దాని నరాల పనిని దెబ్బతీస్తుంది. చావని పురుగు కూడా ఆ వాసనకు గుడ్లు పెట్టకుండా తిరుగుతుంది.

ఆవిరి ఉన్నంతసేపే దాని పని. గోనె సంచికి లక్ష కళ్లు. సంచిలో వేసిన తైలం రెండు మూడు రోజుల్లో గోదాం గాలిలో కలిసిపోతుంది, తర్వాత ఆ సంచి తైలం వేయనట్టే. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే గింజ లోపల ఉన్న పిల్ల పురుగు. తొక్క, పప్పు దానికి కోటగోడ. పైన తిరిగే పెద్ద పురుగును చంపిన ఆవిరి దాని దాకా చేరడం కష్టం. అందుకే పైకి పురుగులు చచ్చి కనిపించినా మూడు వారాలకు మళ్లీ బయటికొస్తాయి. తైలం పనిచేయలేదని అప్పుడు జనం తిట్టుకుంటారు. అది పనిచేసింది, చేయగలిగినంతే చేసింది.

పుస్తకాల్లో, పరిశోధనా పత్రాల్లో కనిపించే మోతాదుల విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. ప్రయోగశాలలో చాలాసార్లు ఖాళీ సీసాలో పురుగులను వదిలి, లీటరు గాలికి ఇన్ని మైక్రోలీటర్లని లెక్క కడతారు. అదే సీసా నిండా కందులు పోస్తే ఆవిరిలో చాలా భాగాన్ని గింజలే పీల్చుకుంటాయి. పురుగుకు దక్కేది కొంచెమే. ఖాళీ సీసాలో చాలిన తైలం నిండు డబ్బాలో చాలదు. పోనీ అని పెంచుకుంటూ పోతే గింజకు వాసన పడుతుంది, మొలక దెబ్బతింటుంది. కాబట్టి మోతాదు ఎవరో చెబితే గుడ్డిగా తీసుకోకుండా మీ డబ్బాలో, మీ కందులతో చిన్న పరీక్ష పెట్టుకోవాలి.

పరీక్షకు మూత గట్టిగా పట్టే డబ్బాలు నాలుగు తీసుకోండి. ఒక్కో దాంట్లో కిలో చొప్పున ఎండబెట్టిన మంచి కందులు పోయండి. మొదటి డబ్బాలో ఏమీ వేయొద్దు, అది పోల్చుకోడానికి. మిగతా మూడింటిలో పావు మిల్లీలీటరు, అర, ఒకటి చొప్పున తైలం. గింజ మీద పోయకండి. దూది ఉండకు పట్టించి, పలచటి గుడ్డలో మూటకట్టి గింజల మధ్యలో పెట్టండి. పాత బస్తాలోంచి పట్టిన బతికున్న పురుగులు పదేసి ఒక్కో డబ్బాలో వదిలి మూత బిగించండి. వారం తర్వాత చచ్చినవి లెక్కపెట్టండి. ఆ తర్వాత గింజల మీది గుడ్లు, నెలన్నర తర్వాత బొక్కలు పడ్డ గింజలు లెక్కపెట్టండి, మిగతా గింజల వాసన చూడండి, కొన్నింటిని మొలకెత్తించి చూడండి. పురుగును ఆపి, వాసన తక్కువ పట్టించి, మొలకను చెడగొట్టని మోతాదు ఏదో అప్పుడు కళ్లకు కనబడుతుంది. తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానం కందికి పేరున్న చోటు. మీ లెక్కలు పట్టుకుని అక్కడికి వెళ్లండి, చూపించి సలహా అడగండి.

ఏ తైలం తీసుకోవాలి? నిమ్మగడ్డి నూనె మన దగ్గర సులభంగా దొరుకుతుంది. దాని ఘాటుకు కారణం సిట్రాల్ అనే పదార్థం, మంచి నూనెలో అదే ముప్పాతిక వంతు. నీలగిరి తైలం ఆవిరి బాగా లేస్తుంది, అంతే తొందరగా పోతుంది కూడా. లవంగ తైలం నిదానంగా ఆవిరవుతుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ చర్మం మీద పడితే మండుతుంది, ధరా ఎక్కువే. వస కొమ్ము తైలం పెంకు పురుగు మీద చాలా గట్టిగా పనిచేస్తుంది, దాని సంతానాన్నే ఆపేస్తుంది. కానీ అందులోని బీటా అసరోన్ ఆరోగ్యానికి హాని చేసే పదార్థం. అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో నిషేధించారు. కాబట్టి వస తైలాన్ని విత్తనానికి తప్ప, మనిషి తినే కందులున్న గదిలోకి కూడా రానీయకండి. సీతాఫలం గింజల పొడి విషయంలోనూ ఇంతే జాగ్రత్త. పురుగును చంపుతుంది నిజమే, ఆ పొడి కంట్లో పడితే చూపుకే ముప్పు. వావిలాకు, వేపాకు ఎండబెట్టి సంచిలో వేసే పాత అలవాటు తప్పు కాదు, కానీ ఆకులో ఉండే తైలం చాలా కొద్ది. ఇంట్లో ఐదు కిలోల పప్పుకు చెల్లుతుంది, క్వింటాళ్లకు చెల్లదు.

కొనేటప్పుడు మోసపోకండి. అగరుబత్తీల దుకాణంలో, ఆన్‌లైన్‌లో నిమ్మగడ్డి నూనె పేరుతో దొరికే వాటిలో కొన్ని ఏదో నూనెకు సువాసన కలిపినవి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి నీడలో ఉంచండి. నిమ్మగడ్డి, నీలగిరి తైలం నిజమైనదైతే మర్నాటికి కాగితం మీద జిడ్డు మరక మిగలదు. మరక అలాగే ఉంటే అందులో వేరే నూనె కలిసింది. నమ్మకమైన సరుకు కావాలంటే బోడుప్పల్‌లోని సీమాప్ పరిశోధనా కేంద్రాన్ని అడగండి. సుగంధ పంటల సాగు, ఆవిరి పట్టే పని వాళ్ల నిత్యకృత్యం. ఒక మాట మాత్రం చెప్పాలి. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డి ఆవిరి పడితే అర కిలోకు అటూ ఇటూగా నూనె వస్తుంది. గోదాంల కోసమే అమ్ముకోవచ్చు కదా అని బట్టీ పెట్టాలనుకునే పిల్లలు ఆ లెక్క చూసుకుని దిగాలి. ఆ నూనెకు సబ్బుల వాళ్ల దగ్గర, అత్తర్ల వాళ్ల దగ్గర ఉన్న గిరాకీ ధాన్యం నిల్వలో ఇంకా లేదు.

విత్తనానికి, తినే కందికి తేడా ఇక్కడే గట్టిగా చెప్పాలి. విత్తనానికి కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అంటే క్వింటాలుకు అర లీటరు, పట్టించడం ఎప్పటినుంచో ఉన్న సిఫారసు. అన్ని గింజలకూ సమానంగా పట్టాలి. టార్పాలిన్ మీద పోసి, చల్లుతూ, ఇద్దరు రెండు వైపుల నుంచి ఎత్తి పొర్లించండి. సుగంధ తైలం మూట విత్తనం దాచే డబ్బాలో అదనపు కాపలా. మిల్లుకో, మార్కెట్ యార్డుకో వెళ్లే కందులకు మాత్రం తైలం వద్దు. తాండూరు కంది పేరుతో అమ్మే సరుకు లవంగం వాసన కొడితే కొన్నవాడు రెండోసారి రాడు. పప్పు ఉడికించాక కూడా ఆ వాసన తెలుస్తుంది. బోరిక్ పొడి, పాదరసం బిళ్లలు, కలరా ఉండలు తినే గింజలో వేయడం ఇంకా తప్పు. ఇళ్లలో అలవాటైన పని కాబట్టి గోదాంలోనూ ఎవరో ఒకరు ఆ సలహా చెబుతారు, వినకండి.

మరి బస్తాల గోదాం సంగతేమిటి? అక్కడ ముందుగా చూడాల్సింది తేమ. గోదాంకు వచ్చిన ప్రతి లాట్‌నూ తేమ మీటరుతో చూసి, 10 శాతం లోపు ఉంటేనే నిల్వకు పెట్టండి. మీటరు చెడిపోయిన రోజున పంటి కింద గింజ టక్కున విరగాలి, నలిగితే ఎండాల్సింది ఇంకా ఉన్నట్టు. పాత గోనె సంచుల కుట్లలో పోయినేటి పురుగు పట్టిన గింజలు ఇరుక్కుని ఉండొచ్చు. వేడినీళ్లలో ముంచి, బాగా ఎండబెట్టి వాడండి, లేదా కొత్తవి తీసుకోండి. నాపరాయి బండల మధ్య సందుల్లో, గోడ మూలల్లో నిలిచిన పాత పిండిని ఊడ్చి ఊరి బయట కాల్చేయండి. బస్తాలు నేరుగా బండల మీద పెట్టకండి, కింద చెక్క పలకలు వేసి, గోడకు అడుగున్నర దూరంగా పేర్చండి. ముందు వచ్చిన సరుకు ముందు బయటికి పోవాలి.

ఎండను మించిన ఖర్చులేని మందు తాండూరు ప్రాంతంలో లేదు. పారదర్శక పాలిథీన్ సంచుల్లో కంది విత్తనాన్ని ఎండకు వేడెక్కించి పెంకు పురుగును అదుపు చేసే పద్ధతిని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2002లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. మీరు చేయాల్సింది సులువే. ఏప్రిల్, మే ఎండల్లో నల్లటి పాలిథీన్ షీటు పరిచి, దాని మీద కందులు రెండు మూడు వేళ్ల మందాన పోసి, పైన పారదర్శకంగా ఉండే పలచటి పాలిథీన్ కప్పి అంచులు రాళ్లతో బిగించండి. మధ్యాహ్నపు మూడు నాలుగు గంటల్లో లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. గింజలో ఉన్న పిల్ల పురుగు కూడా ఆ వేడికి చస్తుంది, తైలం చేయలేని పని ఇది. బాగా ఎండిన గింజకే ఇది చేయాలి, పచ్చి మీద చేస్తే మొలక చస్తుంది. చల్లారాకే సంచిలో పోయండి, వేడి గింజను మూసేస్తే లోపల చెమ్మ పడుతుంది.

గాలి చొరని సంచులు మరో మంచి దారి. 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో బొబ్బర్లు దాచుకోడానికి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు పొరల సంచి తయారుచేశారు. బొబ్బర్లను తినే పురుగు మన కంది పురుగుకు దాయాది. సంచి మూతి మెలిపెట్టి బిగిస్తే లోపలి పురుగులే గాలిలోని ఆక్సిజన్ వాడేసుకుని, తిండి మానేసి చస్తాయి. ఏ మందూ లేదు, ఏ వాసనా లేదు. భౌగోళిక గుర్తింపు ఉన్న కందిని ఆర్నెల్లు నిలబెట్టి మంచి ధరకు అమ్మాలనుకునే రైతు కంపెనీ డబ్బు పెట్టాల్సింది తైలం సీసాల మీద కాదు, ఈ సంచుల మీద అని నా గట్టి అభిప్రాయం. 2025-26కు ప్రభుత్వం కందికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఒక్క క్వింటాలు పుచ్చిపోయినా ఎంత పోతుందో మీకు తెలుసు. నిల్వ ఉంచడం ఇష్టం లేకపోతే తొందరగా పప్పు కొట్టించండి. తొక్క తీసిన బద్దను ఈ పురుగు అంతగా పట్టదు.

ఇంత చేసినా గోదాంలో పురుగు పెరిగిపోతే, అప్పుడు పొగబెట్టక తప్పదు. అది మీ పని కాదు. అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలను ప్రభుత్వ సంస్థలు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లే వాడాలని నిబంధన. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఆ పనిలో శిక్షణ ఇస్తుంది. మీ గోదాంకు వచ్చేవాళ్ల దగ్గర అనుమతి పత్రం అడిగి చూడండి. ఆ గోళీల నుంచి వచ్చే వాయువు మనిషిని నిమిషాల్లో కూల్చేయగలదు, విరుగుడు మందు లేదు. పక్క గదిలో హమాలీలు పడుకునే గోదాంలో ఎవరో చాటుగా రెండు గోళీలు పెట్టి పోవడం హత్యాప్రయత్నంతో సమానం, దాన్ని చూసీ చూడనట్టు వదలొద్దు.

సుగంధ తైలాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. మొక్కది కదా, ఏమవుతుందనే ధీమా ప్రమాదం. నీలగిరి తైలం కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. సీసాకు పేరు రాసి, తాళం వేసే పెట్టెలో ఉంచండి. దూదికి పట్టించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, కిటికీలు తెరవండి, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానీయకండి, తైలం భగ్గున అంటుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లను ఆ పనికి పెట్టొద్దు.

నెలకోసారి ప్రతి లాట్ నుంచి, బస్తా పైనుంచీ మధ్యనుంచీ అడుగునుంచీ, బస్తాలో గుచ్చి గింజ లాగే బొంబుతో గింజలు తీసి, వంద గింజల్లో గుడ్లున్నవి ఎన్ని, బొక్కలున్నవి ఎన్ని అని పుస్తకంలో తేదీతో రాయండి. వందకు ఒకటి రెండు గుడ్లు కనిపించినప్పుడే ఎండబెట్టే పని మొదలుపెట్టండి, బొక్కలు కనిపించేదాకా ఆగితే ఒక తరం దాటిపోయినట్టే. మే నెలాఖరులో విత్తన డబ్బాలు విప్పి, ప్రతి దాంట్లోంచి వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, తడి ఆరకుండా ఐదారు రోజులు నీడలో పెట్టండి. 75కు తక్కువ మొలకెత్తితే ఆ డబ్బాను విత్తనంగా అమ్మొద్దు, మిల్లుకు పంపండి. తైలం, వేపనూనె పట్టిన డబ్బా అయితే మిల్లుకూ వద్దు, పశువులకూ వద్దు. దాన్ని విడిగా పెట్టండి, తినడానికి గానీ విత్తనానికి గానీ అమ్మకండి. ఏ డబ్బాకు ఏ తైలం ఎంత వేశారో పుస్తకంలో ఉంటేనే ఈ నిర్ణయం చేయగలరు. కాబట్టి ఆ వివరాలను సీసా మూత తెరిచిన రోజే రాసుకోండి.